ఎన్‌సీఎల్‌టీలో పత్రాల ఇన్‌స్పెక్షన్: కంపెనీ "ప్రివిలేజ్" అంటే ఎంతవరకు ఒప్పుకోవాలి?

వాయిదా_డైరీ (ప్రశ్న)

జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్ బెంచ్‌లో కంపెనీల చట్టం 241, 242 సెక్షన్ల కింద (అణచివేత, దుర్నిర్వహణపై) పిటిషన్ నడుస్తోంది. ప్రైవేటు కంపెనీ. పిటిషనర్ వాటా రైట్స్ ఇష్యూకు (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇవ్వజూపడం) ముందు 30 శాతం, తర్వాత 14 శాతం. ఆయన డైరెక్టర్ కాదు, వాటాదారు మాత్రమే. ఆఫర్ లెటర్ తనకు అందనే లేదన్నది ప్రధాన ఆరోపణ.

కంపెనీ కౌంటర్‌లో (పిటిషన్‌కు ఇచ్చిన జవాబులో) ఇలా రాసింది: "సీనియర్ న్యాయవాది నుంచి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకుని, ఆ అభిప్రాయానికి అనుగుణంగానే బోర్డు షేర్లు కేటాయించింది." ఇన్‌స్పెక్షన్‌కు నోటీసు ఇస్తే ఒక్క పేరాలో జవాబు వచ్చింది: "అడిగినవన్నీ ప్రివిలేజ్ ఉన్న పత్రాలు." అంటే న్యాయ సలహా గోప్యం కాబట్టి చూపనక్కర్లేదని. వాళ్లు ఆపినవి ఇవి: న్యాయవాది అభిప్రాయం, మూడు బోర్డు సమావేశాల మినిట్స్, కంపెనీ లీగల్ మేనేజర్‌కూ ఎండీకీ మధ్య ఈమెయిళ్లు, చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చిన రిపోర్టు, ప్రాక్టీసింగ్ కంపెనీ సెక్రటరీ ఇచ్చిన నోట్. ఆఫర్ లెటర్లు పంపిన రుజువు చూపిస్తామన్నారు గానీ "చూసుకోవచ్చు, కాపీలు ఇవ్వం" అంటున్నారు.

నా సందేహాలు మూడు. ట్రిబ్యునల్‌లో సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 11, అంటే అవతలి పక్షం పత్రాలు చూపాలనే నియమాలు, పట్టుకుని అడగవచ్చా? వీటిలో దేనికి నిజంగా ప్రివిలేజ్ ఉంటుంది? ఐఏలో (మధ్యంతర అప్లికేషన్‌లో) ప్రార్థన ఎలా రాస్తే బెంచ్ "ఇది ఫిషింగ్" (ఏదో దొరుకుతుందేమోనని వల వేయడం) అని కొట్టేయకుండా ఉంటుంది?

---

మినిట్స్‌బుక్

ప్రివిలేజ్ జోలికి వెళ్లే ముందు, ట్రిబ్యునల్‌ను అడగనక్కర్లేకుండానే వచ్చేవాటిని పక్కకు తీయండి. ఐఏ సగం తేలికవుతుంది.

సభ్యుడి హోదాలో పిటిషనర్‌కు సెక్షన్ 119 కింద సర్వసభ్య సమావేశాల మినిట్స్ చూసే హక్కు ఉంది, రుసుము లేదు. కాపీ అడిగితే ఏడు పనిదినాల్లో ఇవ్వాలి, పేజీకి పది రూపాయలు మించకూడదు. నిరాకరిస్తే 119(4) కింద వెంటనే చూపమని ట్రిబ్యునలే ఆదేశించవచ్చు. సెక్షన్ 94 కింద సభ్యుల రిజిస్టర్, వార్షిక రిటర్నులు. సెక్షన్ 189 కింద డైరెక్టర్లకు ఆసక్తి ఉన్న కాంట్రాక్టుల రిజిస్టర్, అంటే ఎంబీపీ-4. కేటాయింపు రిటర్న్ పీఏఎస్-3 కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో దొరుకుతుంది. అందులో ఎవరికి ఎన్ని షేర్లు, ఏ తేదీన అన్నది ఉంటుంది, బోర్డు తీర్మానం కాపీ కూడా జతచేసి ఉంటుంది. తీర్మానాన్ని రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసి, అదే తీర్మానం ఉన్న మినిట్స్‌ను రహస్యం అనడం కుదరదు. ఈ ఒక్క వైరుధ్యాన్నే ఐఏలో మొదటి పేరాగా పెట్టవచ్చు.

ఒక్క జాగ్రత్త. బోర్డు మినిట్స్ చూసే హక్కు సభ్యుడికి చట్టంలో లేదు. సెక్షన్ 128(3) కింద లెక్కల పుస్తకాలు చూసే హక్కు కూడా డైరెక్టర్లదే. కాబట్టి ఈ రెండింటినీ "నా హక్కు" అని అడగకండి. "వివాదం తేల్చడానికి అవసరం" అని ట్రిబ్యునల్ అధికారం కింద అడగాలి. ఈ రెండు దారులనూ ఒకే పేరాలో కలిపేస్తే అవతలివాళ్లు "సభ్యుడికి ఈ హక్కు లేదు" అని ఒక్క మాటతో మొత్తం అప్లికేషన్‌ను పక్కన పెట్టిస్తారు.

మినిట్స్ పుస్తకం అసలు చేతికి వచ్చినప్పుడు ఏం చూడాలో ముందే రాసుకుని వెళ్లండి. సమావేశాలకు వరుస సంఖ్య ఉంటుంది, మధ్యలో సంఖ్య దూకిందా చూడండి. పేజీ నంబర్లు వరుసగా ఉన్నాయా, ప్రతి పేజీ మీద ఛైర్మన్ పొడి సంతకం ఉందా, చివరి పేజీ మీద పూర్తి సంతకం, తేదీ ఉన్నాయా చూడండి. సమావేశం ముగిసిన 30 రోజుల్లో మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి, ఎక్కించిన తేదీ కూడా నమోదు కావాలి. వేరే కాగితం మీద టైపు చేసి పుస్తకంలో అతికించడం నిషిద్ధం. అతికించిన పేజీ వెనుక పాత రాత కనిపిస్తే ఆ పేజీ నంబరుతో సహా అక్కడికక్కడే మెమోలో రాయించండి. హాజరు రిజిస్టర్‌ను పక్కన పెట్టి పేర్లు సరిపోల్చండి. మినిట్స్‌లో "హాజరు" అని ఉన్న డైరెక్టర్ సంతకం రిజిస్టర్‌లో లేకపోవడం తరచూ బయటపడే లోపం.

రికార్డు కల్పితం అని అనుమానం వస్తే ఎన్‌సీఎల్‌టీ నిబంధనలు 2016లో 43(3) ఉంది. పత్రాలను సెంట్రల్ ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీకి పంపమని అడగవచ్చు. ఖర్చు ఆరోపించినవాళ్లదే. అందుకే మొదట ఇన్‌స్పెక్షన్, ఆ తర్వాతే ఇది.

---

ఆర్డర్_పదకొండు

వాయిదా_డైరీ గారూ, ఆర్డర్ 11 నేరుగా వర్తిస్తుందని రాయకండి. సెక్షన్ 424(1) ప్రకారం ట్రిబ్యునల్‌కు సీపీసీ బంధనం లేదు, సహజ న్యాయ సూత్రాలే దారి. అయితే 424(2)లో పత్రాల డిస్కవరీకి, ప్రొడక్షన్‌కు ఆదేశించే విషయంలో సివిల్ కోర్టు అధికారాలే ఇచ్చారు. కాబట్టి "424(2), ఎన్‌సీఎల్‌టీ నిబంధన 43, నిబంధన 11 కింద, ఆర్డర్ 11 సూత్రాలను మార్గదర్శకంగా తీసుకుని" అని రాయండి. అంతకు మించి సీపీసీ మీద భారం వేస్తే వాదన అక్కడే ఇరుక్కుపోతుంది.

ఆ సూత్రాల్లో మీకు బాగా పనికొచ్చేవి నాలుగు. రూల్ 15: అవతలి పక్షం తన ప్లీడింగులో గానీ అఫిడవిట్‌లో గానీ ప్రస్తావించిన పత్రాన్ని చూపాలి, కాపీలు తీసుకోనివ్వాలి కూడా. "చూసుకోండి, కాపీ ఇవ్వం" అన్నదానికి జవాబు ఈ రూల్ మాటల్లోనే ఉంది. చూపకపోతే తర్వాత ఆ పత్రాన్ని తమ తరఫు సాక్ష్యంగా పెట్టుకోలేరు, తగిన కారణం చూపితే తప్ప. రూల్ 17: నోటీసు అందిన పది రోజుల్లో ఎప్పుడు, ఎక్కడ చూపుతారో చెప్పాలి. ఏ పత్రం చూపరో, ఏ కారణంతో చూపరో కూడా ఆ జవాబులోనే రాయాలి. రూల్ 13: పత్రాల అఫిడవిట్. దాని నమూనా అనుబంధం సీలోని 5వ ఫారం. అందులో చూపడానికి అభ్యంతరం లేనివి ఒక భాగం, అభ్యంతరం ఉన్నవి ఇంకో భాగం, ఒకప్పుడు తమ దగ్గర ఉండి ఇప్పుడు లేనివి వేరే షెడ్యూలు. రూల్ 19(2): ప్రివిలేజ్ క్లెయిమ్ నిలబడుతుందా అని తేల్చడానికి కోర్టు ఆ పత్రాన్ని తానే చూడవచ్చు, రాజ్య వ్యవహారాలకు సంబంధించినది కాకపోతే.

ఇక ప్రివిలేజ్. భారతీయ సాక్ష్య అధినియం 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత సాక్ష్య చట్టంలో 126 నుంచి 129 వరకు ఉన్నవి ఇప్పుడు 132, 133, 134. అందులో "కోర్టు" నిర్వచనం ఆర్బిట్రేటర్లను మినహాయించి, సాక్ష్యం తీసుకునే చట్టబద్ధ అధికారం ఉన్న అందరినీ కలుపుకుంటుంది. కాబట్టి ట్రిబ్యునల్ ముందు ఈ ప్రివిలేజ్ అడిగే హక్కు కంపెనీకి ఉంది. ఆ విషయంలో పోట్లాడి సమయం వృథా చేయకండి. పత్రం పత్రంగా విడదీయండి.

న్యాయవాది అభిప్రాయం: మొదటి చూపుకు ప్రివిలేజ్ ఉన్నదే. 132 న్యాయవాదిని కట్టేస్తుంది, 134 కక్షిదారును బలవంతపెట్టకుండా కాపాడుతుంది. ఇక్కడ మీ వాదన అంతా దాన్ని వాళ్లే కౌంటర్‌లో ఆయుధంగా వాడుకున్నారన్నదాని మీదే నిలవాలి.

బోర్డు మినిట్స్: కంపెనీ రోజువారీ రికార్డు. న్యాయ సలహా గురించి చర్చ జరిగిన వాక్యాలుంటే వాటి వరకు నల్ల గీత కొట్టి ఇవ్వాలి. హాజరు, అజెండా అంశం, ప్రతిపాదించిన ధర, ఓటింగ్, తీర్మానం కనిపించాలి.

లీగల్ మేనేజర్ ఈమెయిళ్లు: 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు, న్యాయవాదులకు సమన్లు పంపడంపై తానే చేపట్టిన కేసులో, ఈ విషయం స్పష్టం చేసింది. జీతం మీద కంపెనీలో పనిచేసే ఇన్‌హౌస్ కౌన్సెల్‌కు 132 రక్షణ లేదు. కంపెనీ బయటి న్యాయ సలహాదారుతో జరిపిన సంప్రదింపుల వరకు 134 దక్కుతుంది గానీ, యజమానికీ ఇన్‌హౌస్ కౌన్సెల్‌కూ మధ్య సాగిన మాటలకు దక్కదు. ఎండీతో సాగిన ఈమెయిళ్లు ఈ రెండో కోవలోకే వస్తాయి. లీగల్ మేనేజర్ బయటి న్యాయవాదికి రాసినవైతే వదిలేయండి.

సీఏ రిపోర్టు, కంపెనీ సెక్రటరీ నోట్: 132లో ఉన్నది అడ్వకేట్ మాత్రమే. ఆయన దుబాసీకి, గుమాస్తాకు, ఉద్యోగులకు కూడా అది వర్తిస్తుంది గానీ వేరే వృత్తివాళ్లకు కాదు. ఇంగ్లండ్‌లో కూడా 2013లో ప్రుడెన్షియల్ కేసులో అకౌంటెంట్లు ఇచ్చే చట్ట సలహాకు ఈ రక్షణ విస్తరించలేదు. వృత్తి గోప్యత ఉంటుంది, నిజమే. కానీ సీఏ చట్టం రెండో షెడ్యూలులోనే "చట్టం కోరితే తప్ప" అనే మినహాయింపు ఉంది. గోప్యత వేరు, ప్రివిలేజ్ వేరు. అయితే ఆ రిపోర్టును దావా కోసం న్యాయవాదే తెప్పించుకున్నారని వాళ్లు చూపగలిగితే వాదన మారుతుంది. ఎంగేజ్‌మెంట్ లెటర్ (పని అప్పగించిన లేఖ) ఎవరి పేరున, ఏ తేదీన ఉందో అడగండి. రైట్స్ ఇష్యూకు ముందు తేదీ అయితే అది ధర నిర్ణయానికి తీసుకున్నది, దావాకు కాదు.

ఆఫర్ లెటర్లు పంపిన రుజువు: సెక్షన్ 62(2) ప్రకారం ఇష్యూ తెరవడానికి కనీసం మూడు రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టు, స్పీడ్ పోస్టు, ఈమెయిల్, కొరియర్ వంటి మార్గంలో పంపాలి. పోస్టల్ రసీదు, ట్రాకింగ్, ఈమెయిల్ పంపిన రికార్డు ఉండాలి. ఇందులో సలహా ఏమీ లేదు. ఈమెయిల్ ద్వారా పంపామంటే ప్రింటవుట్‌తో సరిపెట్టుకోకండి. సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడగండి. ఇప్పుడు దానికి రెండు భాగాలు, పార్ట్ ఏ ఇచ్చే పక్షం, పార్ట్ బీ నిపుణుడు, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) సహా.

---

ప్రతివాదుల_బల్ల

పై జవాబులో చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్క చోట గట్టిగా విభేదిస్తాను. "అభిప్రాయం తీసుకున్నాం" అని రాసినంత మాత్రాన ప్రివిలేజ్ వదులుకున్నట్టు కాదు. సలహా తీసుకున్నారన్న వాస్తవం వేరు, సలహాలో ఏముందన్నది వేరు. కక్షిదారు తనంతట తాను సాక్ష్యం ఇచ్చినా ప్రివిలేజ్ పోయినట్టు కాదని 133 చెబుతోంది. ఇక్కడ చిక్కు తెచ్చేది "ఆ అభిప్రాయానికి అనుగుణంగానే" అన్న మాట. ఆ ముక్క లేకపోతే నేను ప్రతివాదుల తరఫున సులువుగా నిలబడతాను. ఆ ముక్క ఉంటే కష్టమే. తన సద్భావనకు ఆ సలహానే ఆధారంగా చూపిన పక్షం, అదేమిటో చెప్పను అంటే బెంచ్‌కు నచ్చదు.

2022 ఆగస్టు 5న రిలయన్స్ ఇండస్ట్రీస్, సెబీ కేసులో సుప్రీంకోర్టు పట్టింది కూడా ఈ పాయింటే. సెబీ తాను ఆధారపడిన అభిప్రాయంలో కొంత బయటపెట్టి మిగతాది దాచింది. తనకు కావలసిన ముక్కలు మాత్రమే ఎంచుకుని చూపడం కుదరదని, జస్టిస్ శ్రీకృష్ణ అభిప్రాయాలు సహా అడిగిన పత్రాలు ఇవ్వమని కోర్టు ఆదేశించింది. అయితే అక్కడ ఉన్నది ప్రాసిక్యూట్ చేసే నియంత్రణ సంస్థ. రెండు ప్రైవేటు పక్షాల మధ్య దాన్ని అలాగే అతికించలేరు. ఆ తేడాను మీరే ముందు చెప్పి, "ఆధారపడ్డావు కాబట్టి చూపు" అన్న సూత్రం వరకే వాడుకోండి. అవతలివాళ్లు ఎత్తిచూపేదాకా ఆగితే కేసు మొత్తం బలం తగ్గుతుంది.

134లో ఇంకో తలుపు ఉంది, చాలామంది గమనించరు. కక్షిదారు తానే సాక్షిగా ముందుకొస్తే, తానిచ్చిన సాక్ష్యాన్ని వివరించడానికి అవసరమైన మేరకు ఆ సంప్రదింపులు చెప్పమని కోర్టు బలవంతపెట్టవచ్చు, అంతకు మించి కాదు. ఎండీ అఫిడవిట్ వేసి "సలహా ప్రకారమే చేశాను" అన్నాడంటే, ఆయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి అనుమతి అడిగి అక్కడ ఈ ప్రశ్న వేయండి. అఫిడవిట్ వేయడమే సాక్షిగా రావడం అవుతుందా అన్నదాని మీద మేం పోట్లాడతాం. కానీ క్రాస్‌కు పిలిచాక ఆ వాదన మాకు నిలవదు.

ఫిషింగ్ సంగతి. "రైట్స్ ఇష్యూకు సంబంధించిన అన్ని ఈమెయిళ్లు, నోట్లు, పత్రాలు" అని రాసిన ప్రార్థనను కొట్టించడం మాకు చాలా సులువు. తేదీల పరిధి, పంపినవారు, అందుకున్నవారు, పిటిషన్‌లో ఏ పేరాకు అవసరమో చెప్పినదాన్ని ఎదిరించడం కష్టం.

---

వాయిదా_డైరీ

ధన్యవాదాలు అందరికీ. రెండు విషయాలు మిగిలాయి. ఒకటి, ఆ అభిప్రాయానికి ఫీజు కంపెనీ డబ్బులోంచే చెల్లించారు. అందులో వాటాదారుకు భాగం ఉంది కాబట్టి అతని మీద ప్రివిలేజ్ చెల్లదు అనవచ్చా? రెండు, కంపెనీలో పాత ఉద్యోగి ఒకరు ఆ అభిప్రాయంలోని రెండు పేజీల జిరాక్సు పిటిషనర్‌కు ఇచ్చారు. రిజాయిండర్‌కు (కౌంటర్‌పై మా జవాబుకు) జతచేయవచ్చా?

---

ప్రతివాదుల_బల్ల

మొదటిదాని మీద ఆశ పెట్టుకోకండి. ఇంగ్లిష్ చట్టంలో ఆ పాత సూత్రం ఉండేది, దాన్నే వాటాదారు నియమం అనేవారు. కంపెనీ తన వాటాదారు మీద ప్రివిలేజ్ అడగలేదన్నది దాని సారం. 2025 జూలై 24న బెర్ముడా నుంచి వచ్చిన జార్డిన్ స్ట్రాటజిక్ అప్పీలులో ప్రివీ కౌన్సిల్ ఆ నియమమే లేదంది. కంపెనీ వేరే వ్యక్తి, దాని సలహా దానిది, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది లెక్కలోకి రాదు. మన ట్రిబ్యునల్‌కు అది బంధనం కాదు గానీ, పాత ఇంగ్లిష్ తీర్పులు చూపి వాదిస్తే మేం మొదట తీసేది ఇదే. 134లో కూడా వాటాదారుకు మినహాయింపు లేదు.

దానికంటే 132లోని ప్రొవైజో (మినహాయింపు) చూసుకోండి. చట్టవిరుద్ధ ఉద్దేశాన్ని ముందుకు తీసుకెళ్లడానికి జరిపిన సంప్రదింపులకు రక్షణ లేదు. కానీ ఊరికే "మోసం" అని రాస్తే సరిపోదు. ఆఫర్ లెటర్ పాత తేదీతో తయారుచేశారన్న ప్రాథమిక ఆధారం ముందు కావాలి. పోస్టల్ ట్రాకింగ్‌లో తేడా, ఈమెయిల్ మెటాడేటాలో తేడా, అలాంటిది ఏదో ఒకటి.

---

ఆర్డర్_పదకొండు

రెండు పేజీల జిరాక్సు గురించి. చట్టం మాటల్లోకే వెళితే, 132 న్యాయవాది నోరు కడుతుంది, 134 కక్షిదారును బలవంతపెట్టవద్దంటుంది. మూడో వ్యక్తి చేతికి చిక్కిన కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దని ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. సంబంధం ఉన్న సాక్ష్యం ఎలా సంపాదించారన్నది దాన్ని తోసిపుచ్చడానికి దానంతట అది కారణం కాదని 1973లో పూరణ్ మల్ కేసు నుంచి ఉన్న మాటే. కాబట్టి వాదన ఉంది. అయినా జతచేయవద్దనే నా సలహా. ఉద్యోగి మీద విశ్వాసఘాతుకం కేసు, పిటిషనర్ మీద "చేతులు శుభ్రంగా లేవు" అన్న వాదన, రెండూ ఒకేసారి వస్తాయి. 241 పిటిషన్ ఈక్విటీ (న్యాయధర్మం) మీద నడిచేది, అక్కడ ఆ మచ్చ ఖరీదైనది. పైగా రెండు పేజీలే పెడితే ముక్కలు ఎంచుకుంటున్నారన్న మాట ఈసారి మీ మీద పడుతుంది. వాటిని సీలు చేసిన కవరులో మీ దగ్గరే ఉంచండి. అందులోని విషయం రిజాయిండర్ వాక్యాల్లోకి జారకుండా చూసుకోండి. అభిప్రాయం మొత్తం చూపమనే అడగండి.

ఐఏ గురించి అడిగారు కదా. నిబంధన 32 ప్రకారం ఎన్‌సీఎల్‌టీ-1 ఫారంలో, మద్దతు అఫిడవిట్‌తో వేయండి. ప్రార్థనలను మెట్లుగా కట్టండి. మొదటిది, 5వ ఫారం నమూనాలో పత్రాల అఫిడవిట్ నిర్ణీత గడువులో వేయాలి, అందులో ఆపిన ప్రతి పత్రానికీ వరుస సంఖ్య, తేదీ, రాసింది ఎవరు, ఏ హోదాలో, అందుకున్నది ఎవరు, ఇంకెవరికి కాపీ వెళ్లింది, విషయం ఒక్క లైనులో, ఏ సెక్షన్ కింద ఆపారు, పూర్తిగానా కొంతేనా అన్నది చెప్పాలి. రెండోది, ప్రివిలేజ్ అడగని పత్రాలకు తేదీ, స్థలం పెట్టి ఇన్‌స్పెక్షన్, కాపీలతో సహా. మూడోది, వివాదం మిగిలిన పత్రాలను బెంచ్ తానే చూసి తేల్చాలి. నాలుగోది, చూపని పత్రాన్ని తర్వాత వాళ్ల తరఫున వాడుకోనివ్వకూడదు. నేరుగా "అభిప్రాయం ఇప్పించండి" అని మొదలుపెట్టకండి. కాదంటే అక్కడితో ఐఏ అయిపోతుంది. జాబితా ఇమ్మనడాన్ని మాత్రం కాదనడానికి ఎవరి దగ్గరా మంచి కారణం ఉండదు. అది వచ్చాక సగం క్లెయిములు వాటంతటవే రాలిపోతాయి.

ఈమెయిల్ గొలుసులను జాబితాలో ఒకే పత్రంగా చూపనివ్వకండి. ఉదాహరణకు కింద ఫైనాన్స్ అధికారి ఎండీకి "ముఖవిలువకే ఇద్దామా, వాల్యుయేషన్ ధరకు ఇద్దామా" అని రాశారనుకోండి. దాని మీద ఎండీ జవాబు ఉంది. రెండు రోజుల తర్వాత ఆ మొత్తాన్ని న్యాయవాదికి పంపారు. పైన ఉన్న చివరి మెయిల్‌కు ప్రివిలేజ్ ఉంటుంది. కింది రెండూ అంతకుముందే ఎండీ మెయిల్‌బాక్సులో విడిగా ఉన్నాయి, వాటికి ఉండదు. అటాచ్‌మెంట్లకూ అదే లెక్క. న్యాయవాదికి పంపినంత మాత్రాన పాత కాగితానికి కొత్త రక్షణ రాదు. కాపీ లైనులో న్యాయవాది పేరు చేర్చినా అంతే.

---

పంచ్_నోట్

ఇదే గొడవ ఆర్బిట్రేషన్‌లో వస్తే దారి వేరు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం సీపీసీ గానీ సాక్ష్య చట్టం గానీ ట్రిబ్యునల్‌కు బంధనం కాదు. సాక్ష్య అధినియం కూడా ఆర్బిట్రేటర్ ముందు నడిచే విచారణకు వర్తించదని మొదటి సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి ప్రివిలేజ్ నియమం ఏదన్నది మొదటి ప్రొసీజరల్ ఆర్డర్‌లోనే రాయించుకోవాలి. ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ (ఐబీఏ) సాక్ష్య నియమాలు పెట్టుకుంటే 9(2)(బీ) కింద అభ్యంతరం చెప్పవచ్చు. మూడో పక్షం దగ్గరున్న పత్రం కావాలంటే ట్రిబ్యునల్ అనుమతి తీసుకుని సెక్షన్ 27 కింద కోర్టుకు వెళ్లాలి.

---

మినిట్స్‌బుక్

ఇన్‌స్పెక్షన్ రోజు గురించి ఇంకొంచెం. ప్రతివాదుల న్యాయవాది ఆఫీసులో జరిగితే మంచిది. రోజూ వాడే లెక్కల పుస్తకాలు మాత్రం అవి ఉండే చోటే చూపుతారు. మీతో వచ్చే కంపెనీ సెక్రటరీకి గానీ సీఏకు గానీ పిటిషనర్ సంతకంతో అధికార పత్రం ఇవ్వండి. లేకపోతే గుమ్మం దగ్గరే ఆపుతారు. చూపినది ఒరిజినలా జిరాక్సా అన్నది ప్రతి పత్రం ఎదురుగా రాయండి. "ఒరిజినల్ ఆడిటర్ దగ్గర ఉంది" అంటే ఆ మాటనూ అలాగే రాసి, ఎప్పుడు తెస్తారో తేదీ వేయించండి. నల్ల గీత కొట్టిన చోట్లను పేజీ, పేరా నంబరుతో నమోదు చేయండి. గీత కింద ఎన్ని లైన్లు పోయాయో కూడా రాయండి, తర్వాత బెంచ్ ముందు ఒరిజినల్ వచ్చినప్పుడు పోల్చడానికి అదే ఆధారం. చివర ఇరుపక్షాల సంతకాలు. వాళ్లు సంతకం పెట్టకపోతే అదే మెమోను అదేరోజు ఈమెయిల్ చేయండి, ఆలస్యం చేయకండి.

వ్యాపార రహస్యం పేరుతో వెండర్ ధరలు, కస్టమర్ పేర్లు దాచాలంటే దాన్ని ప్రివిలేజ్ అనరు. న్యాయవాదులు, నిపుణులు మాత్రమే చూసేలా అండర్‌టేకింగ్ ఇస్తామని మీరే ముందు ప్రతిపాదించండి, ఆ అభ్యంతరం అక్కడికి తీరుతుంది. సీలు కవరులో బెంచ్‌కు మాత్రమే ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. క్లెయిమ్ నిలుస్తుందా అని తేల్చడానికి బెంచ్ చూడటం వేరు, మీకు చూపకుండా దాని ఆధారంగా కేసు తేల్చడం వేరు. 2023 ఏప్రిల్ 5న మీడియావన్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండో పద్ధతినే తప్పుపట్టింది.

---

ఆర్డర్_పదకొండు

ఉత్తర్వు వచ్చాక పాటించకపోతే సెక్షన్ 425 కింద ధిక్కరణ, సాక్ష్య అధినియం 119 కింద ప్రతికూల ఊహ (దాచిన పత్రం వాళ్లకు వ్యతిరేకంగానే ఉందని అనుకోవడం), రెండూ అడగవచ్చు. ప్రతికూల ఊహను మాత్రం ప్రివిలేజ్ తేలిన పత్రాల మీద అడగకండి. చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నందుకు శిక్షించమని అడిగినట్టవుతుంది. ఐఏ కొట్టేస్తే 421 కింద అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీకి వెళ్లడానికి 45 రోజులు, తగిన కారణం ఉంటే మరో 45 వరకు. ఆ గడువు ఉత్తర్వు కాపీ మీకు అందిన తేదీ నుంచి లెక్క కాబట్టి, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ ఉత్తర్వు వచ్చిన రోజే వేసేయండి.